కాయకము, దాసోహము: విశ్వదాత నాగేశ్వరరావు పంతులుగారి జీవితము

ధనము చెడ్డదని బసవేశ్వరుడు ఎన్నడును బోధింపలేదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని కొలువున భండారియై, రాజ్యపు బొక్కసమును తన చేతులమీదుగా నడపిన ఆ మహనీయునకు ధనముయొక్క అక్కర తెలియకపోలేదు. ఆయన చూపిన మార్గము ధనమును రెండు వాకిళ్లయందు పరీక్షించును. అది లోనికి వచ్చు వాకిలి యొకటి. వెలికి పోవు వాకిలి యొకటి. వచ్చు వాకిట అది కాయకముగా రావలెను. అనగా ఒడలు వంచి, మనసు పెట్టి, ఇతరులకు ఉపకరించు పని చేసి ఆర్జించినదై యుండవలెను. పోవు వాకిట అది దాసోహముగా పోవలెను. అనగా ఇచ్చుచున్నానను గర్వము లేక, జంగమరూపమైన సమాజమునకు అర్పణము కావలెను. ఈ రెండు వాకిళ్ల నడుమ కదలక నిలిచిపోయిన ధనము నిలువనీటివలె చెడును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వాటితోనే జంగమార్చన సాగించుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, లక్కమ్మ సంతసింపలేదు. అక్కరకు మించినది ఆశయే యని తలచి, అధికమైన బియ్యమును తెచ్చినచోటనే వదలి రమ్మని భర్తను తిరిగి పంపినది. పేదరాలైన ఆ శరణికి కావలసినంత ఎంతయో తెలియును. ఆ తెలివియే ఆమె సంపద.

ఈ కథ విన్న గృహస్థునకు ఒక సందేహము కలుగుట సహజము. గింజలు ఏరుకొను దంపతులకు చెల్లిన నియమము, అంగడిని, కర్మాగారమును, పనివారి జీతములను, పోటీని మోయు నేటి వర్తకునకు చెల్లునా? అధికమైనదానిని వదలివేసినచో వ్యాపారము పెరుగునా? పెరుగని వ్యాపారము నిలుచునా? ఈ ప్రశ్నకు మాటలతో గాక బ్రదుకుతో సమాధానము చెప్పిన వర్తకుడొకరు ఆంధ్రదేశమున కలరు. ఆయనయే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వీరశైవ వాఙ్మయము ఆయనకు ప్రత్యేకముగా ఋణపడియున్నది. ఆ ముచ్చట ముందు రాగలదు.

పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామమునను, బందరునందును చదివి, పిమ్మట మద్రాసు క్రిస్టియన్ కళాశాలయందు పట్టము పొందిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు నడపిన వివేకవర్ధని పత్రిక ఆ తరము యువకుల మనసులను కదలించుచున్న రోజులవి. అచ్చుకాగితము ఒక జాతిని మేలుకొలుపగలదను నమ్మకము నాగేశ్వరరావుగారి హృదయమున నాటుకొన్నది ఆనాడే. అయితే ఆ విత్తనము మొలకెత్తుటకు పెక్కు సంవత్సరములు పట్టినది.

పట్టభద్రులైన యువకులు ఆ కాలమున సర్కారు కొలువుకై వెదకుట వాడుక. పంతులుగారు ఆ త్రోవను పోలేదు. కలకత్తాలో కొంతకాలముండి మందుల వ్యాపారపు మెలకువలు నేర్చిరి. ఆపై బొంబాయి చేరి, అక్కడ ఒక వర్తక సంస్థలో ఉద్యోగించి, క్రయవిక్రయముల గుట్టుమట్లు తెలిసికొనిరి. 1893వ సంవత్సరమున ఆ నగరముననే తలనొప్పికి, ఒడలి నొప్పులకు పనికివచ్చు పసుపుపచ్చని లేపనమొకటి తయారుచేసి, అమృతాంజనమను పేర విక్రయింప మొదలిడిరి. కర్పూరము, పుదీనాపువ్వు, నీలగిరి తైలము మొదలైన ఘాటు ద్రవ్యములు కలిసిన ఆ మందు చర్మముపై రాచిన కొలదిసేపటిలోనే సుఖము నిచ్చును.

క్రొత్త సరుకును జనులు నమ్ముట సులభము కాదు. పంతులుగారు సంగీత సభలకు పోయి, అక్కడ కూడిన రసికులకు అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టిరి. సభలో వాడి గుణము చూచినవాడు మరునాడు అంగడికి వచ్చి కొనును. ఈ పద్ధతియందు వర్తకుని చాతుర్యము కలదు. దానితోపాటు ఒక ధర్మము కూడ కలదు. మందు పనిచేయనిచో ఉచితముగా పంచుట తన పేరును తానే చెరుపుకొనుట యగును. కనుక సరుకునందు నమ్మకమున్నవాడే ఆ పని చేయగలడు. మొదటి వాకిట పరీక్ష ఇదియే. నొప్పితో బాధపడువానికి నిజముగా ఉపశమనము కలిగించి, అందుకు తగిన వెల పుచ్చుకొనుట కాయకము. పంతులుగారి ఐశ్వర్యమంతయు అట్టి చిన్నచిన్న వెలలు కూడి ఏర్పడినదే. అందుకు మూలధనము పేరుగల జమీందారీ కాదు, రాజానుగ్రహము కాదు. తలనొప్పి తగ్గినవాడు మరల వచ్చి కొనుటయే.

బొంబాయిలో వ్యాపారము వృద్ధినొందినది. ఆ నగరముననే సుఖముగా స్థిరపడి, భవనములు కట్టి, భోగభాగ్యములతో కాలము పుచ్చుటకు వారికి అడ్డు ఏదియు లేకుండెను. వారి జీవితమున మలుపు వచ్చినది అక్కడనే. 1907వ సంవత్సరాంతమున సూరతునందు జరిగిన కాంగ్రెసు మహాసభకు పంతులుగారు వెళ్లిరి. మితవాదులు, అతివాదులు విడిపోయిన సభ అది. దేశమంతయు ఒక గొప్ప సంక్షోభమున నుండగా, తెలుగువారికి తమ భాషలో ఆ విషయములు తెలుపు బలమైన పత్రిక లేకపోవుట వారికి గొప్ప లోపముగా తోచినది. అది మొదలు ధనము వారి దృష్టిలో మారినది. అంతవరకు వ్యాపారముయొక్క ఫలము ధనము. ఇకమీదట ధనమునకే ఒక ఫలము వెదకవలసి వచ్చినది.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెలలో బొంబాయినుండి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. తెలుగునాటికి దూరమున, మరాఠీ గుజరాతీ భాషల నడుమ, తెలుగు పత్రిక నడపుట సామాన్యమైన పని కాదు. అయినను బ్రదుకుతెరువుకై బొంబాయి చేరిన తెలుగు శ్రామికులును, తెలుగు జిల్లాలలోని చదువరులును దానిని ఆదరించిరి. 1910 నుండి ఉగాది సంచికలు ప్రకటించి, కవులకు, పండితులకు, చరిత్రకారులకు అందు స్థానమిచ్చిరి. 1914వ సంవత్సరమున పత్రికను మద్రాసునకు తరలించి, ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రికగా నడపిరి. దినపత్రికకు ప్రతిదినము కాగితము కావలెను, అచ్చుయంత్రములు కావలెను, విలేఖరులకు జీతములు కావలెను, తంతి వార్తలకు రుసుము చెల్లింపవలెను. చందాలు వచ్చినను రాకున్నను రేపటి పత్రిక ఆగరాదు. ఆ లోటును పూరించినది అమృతాంజనమే.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగియున్నది. దాతలు కొందరు దానమునందలి ఉత్సాహముతో వృత్తిని నిర్లక్ష్యము చేయుదురు. కొంతకాలమునకు మూలము ఎండి, దానమును ఎండును. మరికొందరు వృత్తి ఇంకను కొంచెము పెరిగిన పిదప దానము చేయుదమని వాయిదా వేయుదురు. ఆ కొంచెము ఎన్నటికిని తీరదు. పంతులుగారు ఈ రెండు తప్పులును చేయలేదు. వ్యాపారమును చక్కగా నడపుచునే, అది సంపాదించినదానిని నడుమ నిలువనీయక వెంటనే పనిలో పెట్టిరి. ఏ పల్లెటూరి ఇల్లాలో తలనొప్పికి కొనిన చిన్న సీసాలోని వెలలో కొంత భాగము, ఆమెకు తెలియకుండగనే, మరియొక యూరి బడిపంతులు చదువు పత్రికయై వెలువడినది. కొన్నవారికి సుఖము, చదివినవారికి జ్ఞానము, నడుమనున్న వర్తకునకు కర్తవ్యము తీరిన తృప్తి. భోగమువలన కలుగు తృప్తి మరునాటికి పాతబడును. ఈ తృప్తి పాతబడునది కాదు.

1924వ సంవత్సరము జనవరియందు భారతి యను సాహిత్య మాసపత్రిక ఆరంభమైనది. తెలుగు భాష, శాసనములు, దేశచరిత్ర, కవిత్వము, శిల్పము మొదలగు విషయములపై పండితుల పరిశోధనలకు భారతి నిలయమైనది. అట్టి పత్రికవలన లాభము వచ్చునని ఏ వర్తకుడును తలపడు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆరంభించి 1923లో తమ మరణముచే అసంపూర్ణముగా విడిచిన విజ్ఞానసర్వస్వ మహాకార్యమును పంతులుగారు తమ భుజముల కెత్తుకొనిరి. ఊరూర గ్రంథాలయములు నెలకొల్పు ఉద్యమమునకు అండగా నిలిచిరి. తమ ఇంటికి వచ్చిన విద్యార్థులకు, కవులకు, దేశసేవకులకు లేదనక సహాయము చేసిరి. గాంధీ మహాత్ముడు వారిని విశ్వదాతయని ప్రశంసించెనని ప్రసిద్ధి. ఆంధ్రులు దేశోద్ధారకుడను బిరుదముతో గౌరవించిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చినది.

ఇక వీరశైవులకు ముఖ్యమైన విషయము. 1926వ సంవత్సరమున పంతులుగారు ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. మరుగునపడిన పూర్వగ్రంథములను శుద్ధమైన ప్రతులుగా అచ్చువేసి, సామాన్యులు కొనగల వెలకు అందించుట దాని ఆశయము. ఆ సంవత్సరముననే ఆ మాలయందు పాల్కురికి సోమనాథుని బసవపురాణము వెలువడినది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని పరిష్కరించి విపులమైన పీఠికను వ్రాసిరి. సంస్కృత వృత్తముల పెంపునకు లోబడక, జానుతెనుగున, ద్విపదలో, భక్తుల కథలను ప్రజల నాలుకపై నిలిపిన మహాకవి సోమనాథుడు. కుమ్మరియు, చాకలియు, చెప్పులు కుట్టువాడును, వేటకాడును ఆ గ్రంథమున మహాభక్తులై మనకు దర్శనమిత్తురు. 1369లో భీమకవి దానిని కన్నడమునకు తెచ్చెను. తెలుగున పుట్టిన ఆ పురాణము కన్నడ శరణుల ఇండ్లకు సైతము అట్లు చేరినది. అట్టి గ్రంథమును పండితుని పరిశీలనతో, చక్కని అచ్చుతో, తెలుగు చదువరుల చేతికి అందించినది ఒక మందుల వర్తకుని ధనము. కాయకమును కీర్తించు పురాణము కాయకార్జితముతోనే వెలుగు చూచుట శివసంకల్పము గాక మరేమి?

దానము ధనముతో ఆగిపోయినచో అది సగమే. పంతులుగారు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులై చాలకాలము పనిచేసిరి. ఉప్పు సత్యాగ్రహ కాలమునకు వారి వయస్సు అరువది దాటినది. ఆ వయస్సున, అంతటి వ్యాపారము చేతనుండగా, ధనము పంపి ఇంట కూర్చున్నను ఎవరును నిందింపరు. అయినను వారు ఉద్యమమున దిగి ఆరు మాసములు కారాగారమున నుండిరి. ఆ ఏకాంతమున భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసిరి. పరుపులు, పరిచారకులు, అంగడి లెక్కలు ఏవియు లేని ఆ గదిలో వారికి లోటు తోచలేదనుటకు ఆ గ్రంథమే సాక్ష్యము. వస్తువులు తమను విడిచినప్పుడు మిగులునది ఏదియో అదియే మనుజుని నిజమైన ఆస్తి.

పంతులుగారు సన్న్యాసి కారు. మద్రాసు మైలాపూరు ప్రాంతమున వారికి శ్రీబాగను విశాలమైన భవనముండెను. ఐశ్వర్యమును చూచి భయపడి పారిపోవుట శరణమార్గము కాదు. ఐశ్వర్యము తనదని భ్రమించుటయే తప్పు. శ్రీబాగు వారి ఇల్లే యైనను ఆంధ్రుల కందరకు చావడివలె ఉపయోగపడినది. 1937వ సంవత్సరము నవంబరు 16వ తేదీన కోస్తా జిల్లాల నాయకులును, రాయలసీమ నాయకులును ఆ యింటనే కూడి, ప్రత్యేక రాష్ట్రము వచ్చినప్పుడు వెనుకబడిన సీమకు నదీజలముల విషయమునను, విద్య విషయమునను, ముఖ్య కార్యస్థానముల విషయమునను న్యాయము జరుగునట్లు ఒప్పందము చేసికొనిరి. దానికి శ్రీబాగు ఒడంబడిక యని పేరు. అనుమానపడుచున్న సోదరులను ఒక కప్పు క్రిందికి చేర్చుటకంటె ఒక ఇంటికి గొప్ప ఉపయోగమేమి కలదు?

ఆ ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, 1938వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీన, పంతులుగారు మద్రాసులో కన్నుమూసిరి. తాము కోరిన ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన అవతరించుట వారు చూడలేదు. మరియొక ఫలమును కూడ వారు చూడలేదు. సోమనాథుని రెండవ మహాగ్రంథమైన పండితారాధ్యచరిత్రము, చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణముతో, ఆంధ్రగ్రంథమాలయందే 1939లో వెలువడినది. మల్లికార్జున పండితారాధ్యులు బసవేశ్వరుని దర్శింపగోరి కల్యాణమునకు పయనమై, నడుమ దారిలోనే ఆయన లింగైక్యమునొందిన వార్త విన్నట్లు ఆ గ్రంథము చెప్పును. పండితారాధ్యులకు కన్నులార దర్శనము లభింపలేదు. అయినను వారి భక్తికి కొరత రాలేదు. ఆ చరిత్రమును అచ్చున చూడకయే పోయిన దాతకు సైతము ఆ మాట వర్తించును.

పంతులుగారు నాటిన చెట్లన్నియు నేటికి నిలువలేదు. వారి తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికలను నడపిరి. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయినది, భారతియు ఆగినది. 1936లో వాటాదారుల సంస్థగా మారిన అమృతాంజనపు వ్యాపారము మాత్రము నేటికిని నడచుచున్నది. లాభము తెచ్చునది నిలిచినది, లాభము తేనిది ఆగినది. కనుక ఇచ్చినదంతయు వ్యర్థమేనా యని లోకము అడుగవచ్చును. అడుగువారు ఒక గ్రంథాలయమునకు పోయి భారతి పాత సంచికలను తెరచి చూడవలెను. ఆ పుటలను ఆధారముగా చేసికొని ఎందరు పండితులు గ్రంథములు వ్రాసిరో, ఆ గ్రంథములను చదివి ఎందరు విద్యార్థులు తమ భాషను, చరిత్రను తెలిసికొనిరో లెక్కింప శక్యము కాదు. దాసోహమున వడ్డించిన అన్నము విస్తరిపై మిగులకుండుటయే దాని సార్థకత. తిన్నవాని బలముగా మారిన అన్నమును మరల చూపుమని ఎవరును అడుగరు.

నేడు మన కుటుంబములలో వర్తకులు, రైతులు, ఉద్యోగులు, వైద్యులు, యంత్రాలయములు నడపువారు పెక్కురు కలరు. మన పూర్వులకు లేని వస్తువులు మన ఇండ్ల నిండ కలవు. ఒక వస్తువు వచ్చిన వెంటనే మరియొక దానిపై కన్ను పడుచున్నది. పెండ్లిండ్లలో ఆడంబరము పెరిగినది; పిల్లలకు ధనము కూడబెట్టుటయే తల్లిదండ్రుల ధర్మమను భావము బలపడినది. అంతయు ఉన్నను ఏదియో లేదను వెలితి మాత్రము తీరకున్నది. ఆ వెలితి వస్తువులవలన ఏర్పడినది కాదు గనుక వస్తువులతో తీరదు. తాను చేయుచున్న పని ఎవరికి ఉపకరించుచున్నదను ప్రశ్నకు సమాధానము దొరకిననాడు అది తీరును.

పంతులుగారి జీవితమునుండి గృహస్థుడు గ్రహింపదగినది బ్రహ్మాండమైన దానములు చేయుమని కాదు. అంత ధనము అందరకు ఉండదు. లక్కమ్మకు అసలే లేదు. ఉగాదికి క్రొత్త లెక్కలపుస్తకము తెరచునాడు, లాభనష్టముల పట్టీకి ప్రక్కనే మరి రెండు ప్రశ్నలు వ్రాసికొనిన చాలును. ఈ యేట వచ్చినది ఎవరి కష్టమును తీర్చి వచ్చినది? ఈ యేట పోయినది ఎవరి ఆకలిని, ఎవరి అజ్ఞానమును తీర్చుటకు పోయినది? అంగడికి వర్తించు ఈ పరీక్ష భక్తుల కానుకలతో నడచు మఠములకును వర్తించును. మఠపు భండారము నిండియుండి, చుట్టుప్రక్కల పిల్లలకు చదువు లేకున్నచో రెండవ వాకిలి మూసికొనిపోయినదని అర్థము.

మన పూజాగృహములలో బసవపురాణము ఉన్నది. దానిని తెరచినప్పుడు సోమనాథుని తలచుట మన ఆచారము. 1926లో ఆ పుటలు అచ్చగుటకు తన కాయకఫలమును వెచ్చించిన ఆ వర్తకుని సైతము ఒక్క క్షణము తలచుట మన కర్తవ్యము. ఆ తలపు మన చేతిలోని ధనమును కదలించినచో ఆయన ఋణము కొంత తీరినట్లే.